అరిస్తేనే నూనె

ఏప్రిల్ 2, బుధవారం

కొత్త మేనేజరు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, ఫోను చూసుకుంటూ గడ్డం ఒకసారి కిందికీ పైకీ ఆడించాడు. దాని కోసం నేను పావుగంట నిలబడ్డాను. ఎప్పుడు చూసినా గళ్ళ చొక్కాలోనే ఉంటాడు కాబట్టి ఈ పుస్తకంలో వాడి పేరు గళ్ళ చొక్కా. మా అమ్మాయి కంటే చిన్నవాడు. ఈ పార్కులో పక్షుల సభని ఇరవై ఆరేళ్ళు నడిపింది నేనేనని చెబితే "ఓహో" అన్నాడు. ఆ మాట అనటానికి ఎన్ని డిగ్రీలు చదివాడో!

ఒప్పందం ఇది. మే 11న పార్కు వార్షికోత్సవం. ఆ రోజు పాత సభ హాల్లో, నేను ఇంట్లో చేసిన యంత్రపు పక్షులు మూడు పెట్టాలి. జనం మెచ్చితే హాలు మళ్ళీ పక్షులకే ఇస్తారు, వాటిని చూసుకునే పని నాకిస్తారు. మెచ్చకపోతే అక్కడ సినిమా తెర కడతారు. తెర మీద చిలక! అది చూడటానికి ఇల్లు కదిలి, బస్సెక్కి, టిక్కెట్టు కొని రావాలా? గోడకి సున్నం కొట్టి చూసుకున్నా అంతే ఆనందం.

నేను రిటైరైన నెలకే నలభై పక్షుల్నీ పాత ఇనుములో వేసేశారు. రెక్క ఆడించే పక్షులు, తల తిప్పే పక్షులు, మనిషి వచ్చి కూర్చోగానే "రండి రండి" అని పలకరించే చిలక రాజుగారు. లారీలో కాళ్ళు పైకి పెట్టి పడేశారు. ఆ సంగతి గళ్ళ చొక్కాకి చెప్పబోయాను. వాడేదో నసిగాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

ఏప్రిల్ 5, శనివారం

చిలక లోపలి పని పూర్తయింది. కడుపులో కర్ర రోలరు, దాని మీద చిన్న చిన్న మేకులు. మోటారు రోలర్ని తిప్పుతుంది. మేకు మీటను లేపుతుంది, మీట తీగను లాగుతుంది, తీగ ముక్కును తెరుస్తుంది. తల, రెక్క కూడా ఇంతే. కొన్నది మోటారు ఒక్కటే. మిగతావన్నీ నా చేత్తో చేసినవే, చివరికి ఇరుసులు తిరిగే ఇత్తడి బుష్షులు కూడా.

పార్కులో పక్షులు గాలితో నడిచేవి. గోడ వెనక కంప్రెసరు పొద్దస్తమానం హోరెత్తేది. నా పనిబల్ల ఆ కంప్రెసరు పక్కనే. ఇప్పుడు నా చిలక మాత్రం చీమ నడిచినట్టు నడుస్తోంది. ఇంత అలికిడి కూడా లేదు. తిప్పి తిప్పి చూశాను, లేదు.

మా పాత మేస్త్రీ నాకు ఒకటే సూత్రం నేర్పాడు: "అరిస్తేనే నూనె. అరవని దాని జోలికి పోకు." అక్కర్లేని చోట నూనె పోస్తే అది ఈకలకి పట్టి, పక్షి కాస్తా వానలో తడిసిన కోడిలా తయారవుతుంది. నా చిలక అరవటం లేదు. అందుకని చుక్క కూడా వెయ్యలేదు. ఇది చూడటానికి మేస్త్రీ లేడు, ఉన్నవాళ్ళకి చూసే కళ్ళు లేవు.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి మొహం చిట్లించి ఏదో చెప్పింది. అందులో "నూనె" అన్నది ఒక్కటే తెలిసింది. వంటనూనె అయిపోయినట్టుంది. దానికంత మొహం ఎందుకో.

ఏప్రిల్ 6, ఆదివారం

నూనె ప్యాకెట్టు తెచ్చాను. థాంక్సు లేదు సరికదా, ప్యాకెట్టునీ నన్నూ మార్చి మార్చి చూసి లోపలికి పోయింది.

ఏప్రిల్ 9, బుధవారం

ఈ రోజు రాయాల్సింది ముక్కు గురించి. ఇంకెవడికి చెప్పినా బుర్రకెక్కదు కాబట్టి ఇక్కడే రాసుకుంటాను.

సభలోని పక్షులు ఎక్కడో పరాయి భాష వాళ్ళు చేసినవి. వాళ్ళ మాటలకి తగ్గట్టు బిగించారు. వాళ్ళ మాట టక్కున మూతబడుతుంది. అందుకని ప్రతి మాట చివరా పక్షి ముక్కు టప్‌మని మూసుకునేది. మన పాట పెట్టినా అంతే. "రండి" అంటే 'డి' దగ్గర టప్. "కూర్చోండి" అంటే మళ్ళీ టప్. చిలక పలకరిస్తున్నట్టు ఉండదు, వచ్చినవాళ్ళని కొరుకుతున్నట్టు ఉంటుంది.

మన మాట అలా కాదు. తలుపు తీసిపెట్టి వెళ్ళే రకం. చివర 'అ' వస్తే నోరు తెరుచుకునే ఆగుతుంది. 'ఇ' వస్తే పెదాలు పక్కకి సాగి ఆగుతాయి. 'ఉ' వస్తే మూతి సున్నా చుట్టి ఆగుతుంది. పూర్తిగా మూతపడేది ప, బ, మ వచ్చినప్పుడే, అదీ రెప్పపాటు. ఇది నేను పాత మేనేజర్లు నలుగురికీ చెప్పాను. "పక్షి నోరు ఎవరు చూస్తారండీ?" అన్నారు నలుగురూ. తోలుబొమ్మలకి కుర్చీలిస్తే ఇలాగే ఉంటుంది.

నా చిలక ముక్కు మాట చివర మూసుకోదు. ఆగుతుంది. సున్నా చుట్టటానికి కింది ముక్కు వెనక చిన్న స్ప్రింగు పెట్టాను. అద్దం ముందు పెట్టి గొంతు పెట్టకుండా తిప్పినా, ఏ మాట అంటోందో ముక్కు చూసి చెప్పొచ్చు. ప్రపంచంలో ఇలాంటి పక్షి ఇంకెక్కడా ఉండదు. ఉందని ఎవరైనా అంటే వాడు అబద్ధాలకోరు.

దీని కోసం రెండేళ్ళుగా మనుషుల నోళ్ళే చూస్తున్నాను. బస్సులో, బ్యాంకులో, టీవీలో వార్తలు చదివే అమ్మాయి నోరు కూడా. ఎంత అలవాటైందంటే నోరు కనబడకపోతే మాట మీద దృష్టి నిలవటం లేదు. పనిమంతుడి జబ్బులు ఇలాగే ఉంటాయి.

ఏప్రిల్ 12, శనివారం

అమ్మాయి వచ్చింది. ఊళ్ళోనే ఉండి నెలకోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా ఒక డాక్టర్ని వెంటేసుకొస్తుంది. అంటే డాక్టరు పేరు రాసిన కాగితం. ఈసారి చెవుల డాక్టరు.

"నాన్నా, ఒక్కసారి చూపించుకో. అరగంట పని."

"నా చెవులకేం? ఈ ఇంట్లో వాళ్ళకే నోళ్ళు సరిగా లేవు."

"మరి ఫోన్లో నేనేం చెప్పినా అమ్మకిచ్చేస్తావేం?"

"ఫోను మంచిది కొనివ్వు."

నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కాగితం ఫ్రిజ్ మీద అంటించి వెళ్ళింది. వాళ్ళ తరం మొత్తం ఇంతే. మాటని పళ్ళ సందున పెట్టి నమిలి, ఊదేసి, అది మనకి అందలేదంటే మన చెవుల మీదికి తోసేస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఏప్రిల్ 15, మంగళవారం

మా ఆవిడ మళ్ళీ నూనె అంది. పది రోజుల్లో ప్యాకెట్టు అయిపోయిందా? ఇంట్లో ఉండేది ఇద్దరం. సరే, ఇంకోటి తెచ్చాను. చేతులు రెండూ పైకెత్తి "నా ఖర్మ" అంది. ఆ మాట మాత్రం ఎంత స్పష్టంగా పలుకుతుందో!

ఇంకొకటి. కుట్టుమిషను నూనె డబ్బా, ఆ పొడుగు మూతి డబ్బా, నా బల్ల మీద చిలక పక్కనే పెట్టింది. తీసి దాని మిషను దగ్గర పెట్టాను. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో సగం మందికి రవికెలు కుడుతుంది, తన వస్తువు తన చోట పెట్టటం రాదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

గుడ్లగూబ మంత్రిగారికి కళ్ళు బిగించాను. రెప్పలు కూడా వేస్తుంది.

పై వాటాలోంచి మా బావమరిది దిగాడు. వాడొక సలహాల సంఘం. అధ్యక్షుడూ వాడే, కార్యదర్శీ వాడే, సభ్యులూ వాడే. ఇంట్లో దీపం మార్చినా, నేను గోరు తీసుకున్నా సంఘం సమావేశమవుతుంది. పక్షులు రెండూ నడుస్తుంటే వచ్చి, మెడ భుజాల్లోకి లాక్కుని నిలబడ్డాడు. వాడు మొదలుపెట్టే మాట ఎప్పుడూ ఒకటే.

"బావగారూ, కోపం తెచ్చుకోనంటే ఒక్క మాట."

"తెచ్చుకుంటాను. చెప్పకు."

అయినా చెప్పాడు. వాడికి మీసం ఎక్కువ, పెదాలు కనబడవు. వేలు గుడ్లగూబ వైపు చూపిస్తూ చాలాసేపు చెప్పాడు. స్కూళ్ళకి బల్లలు అమ్ముకునేవాడు యంత్రం గురించి నాకు చెప్పటం! "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. అన్నది మామూలుగానే. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, ఎవరో పడిపోయినట్టు.

ఏప్రిల్ 19, శనివారం

మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతోంది. ఫ్యాను తిరుగుతూంటే, నా బనీను చెమటకి తడిసిపోతూంటే, ఈవిడకి చలట! ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. చలి కాకపోతే ఇంకేంటి.

ఏప్రిల్ 24, గురువారం

చిలకకి గొంతు కావాలి. సభలో రాజుగారి గొంతు కూడా మా ఆవిడదే, ఇరవై ఏళ్ళ కిందట రికార్డు చేసింది. అప్పట్లో గంట కొట్టినట్టుండేది. ఆ టేపు కూడా ఇనుముతోనే పోయింది. అందుకని మళ్ళీ కూర్చోబెట్టాను.

"రండి రండి, మా సభకి రండి. కూర్చోండి, అలిసిపోయారు. మీరు వస్తారని పొద్దుట్నుంచీ ఎదురు చూస్తున్నాం."

మూడుసార్లు చెప్పించాను. మూడుసార్లూ నసిగింది. గొంతులో జీవం లేదు. ముసలితనం. స్పీకరు మీట చివరికంటా తిప్పితే తప్ప మాట పైకి రాలేదు. నేనేమీ అనలేదు, బాధపడుతుందని. నాకు ఆ మాత్రం సంస్కారం ఉంది.

ఈమధ్య నాతో ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పగలు కూడా లైటు వేస్తుంది. ఒక్కో ముక్కా పెదాలతో చెక్కి చెక్కి చెబుతుంది. పాపం, మాట పడిపోతోందేమో. అమ్మాయి ఆ కాగితం వాళ్ళమ్మ కోసం తెచ్చి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 25, శుక్రవారం

నూనె డబ్బా మళ్ళీ నా బల్ల మీద. మళ్ళీ తీసి మిషను దగ్గర పెట్టాను.

ఏప్రిల్ 30, బుధవారం

గొడవ. నేను రోలరు దగ్గర వంగి ఉన్నాను. భుజం పట్టి తిప్పింది. ఆవిడ అలా ఎప్పుడూ పట్టుకోదు.

"అరుస్తోందండీ! మూడు వారాలనించీ చెబుతున్నా. అరుస్తోంది!"

"నేనెక్కడ అరుస్తున్నాను? మామూలుగా మాట్లాడితే అరిచినట్టుందా?"

"మీరు కాదు..."

"ఎవరు మరి? మీ తమ్ముడా? అరిస్తే వాడే అరవాలి, సలహాలిచ్చి ఇచ్చి."

నా చొక్కా మీద అంటిన పచ్చ ఈక తీసి, నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఏడ్చినట్టుంది. దేనికో తెలిస్తే కదా ఓదార్చటానికి. ఆడవాళ్ళు సగం మాట చెప్పి, మిగతా సగం మొగుడు ఊహించాలంటారు.

మే 3, శనివారం

మూడో పక్షి గోరింక కూడా అయింది. ఈకలన్నీ పట్టుగుడ్డ, మా ఆవిడ రవికెల్లో మిగిలిన పేలికలు. ఒక్కోటీ కత్తిరించి, అంచు కాల్చి, కింది నుంచి పైకి ఇంటి పెంకులు పరిచినట్టు అతికించాను. మూడు పక్షులూ మొదటిసారి కలిసి నడిచాయి. నేను కుర్చీ వేసుకుని గంటసేపు చూశాను. అలికిడి లేదు. మూడు ముక్కులు, మూడూ మాట్లాడుతున్నాయి, ఒక్క తప్పు లేదు.

ఎదురింటి టీచరమ్మ కిటికీలు మూసుకుంది. పదినిమిషాలకి తలుపు కూడా. ఇన్నేళ్ళు పిల్లలకి చదువు చెప్పిన మనిషి, కళ్ళెదుట ఒక కళ జరుగుతూంటే తలుపు వేసుకుంటుంది. మా గోడ మీద పడుకునే పిల్లి కూడా రావటం లేదు. దాన్ని మాత్రం క్షమించాను, చదువుకోలేదు కనుక.

మే 8, గురువారం

ఎందుకైనా మంచిదని నూనె ప్యాకెట్టు అడక్కముందే తెచ్చాను. అలమారలో చూస్తే పాతవి రెండూ కత్తెర కూడా పెట్టకుండా అలాగే ఉన్నాయి. ఈవిడ ఇల్లు నడిపే తీరు ఇదీ.

మే 10, శనివారం

పక్షుల్ని పెట్టెల్లో సర్దాను. సలహాల సంఘం వాళ్ళ వ్యాను ఇస్తానంది. రేపు ఫోన్లో వీడియో కూడా తీస్తాడట. తియ్యనీ. వాడి బల్లల బతుకులో చూపించుకోవటానికి ఒకటైనా ఉండాలి.

గళ్ళ చొక్కా రేపు లేచి నిలబడతాడు. ఆ కుర్చీలోంచి లేచి.

మే 11, ఆదివారం

గెలిచాను.

రెండు వందల మంది ఉంటారు. హాలు పాతదే, గోడల మీద నా పక్షులు కూర్చున్న కొమ్మల మేకులు ఇంకా అలాగే ఉన్నాయి. ముందు వరసలో గళ్ళ చొక్కా, పక్కన వాళ్ళ పై అధికారులెవరో, ఇవతల మా ఆవిడ, అమ్మాయి. నేను పక్షుల పక్కన నిలబడి మీట నొక్కాను.

చిలక తల ఎత్తింది. ముక్కు తెరిచింది. "రండి రండి." చివర ముక్కు తెరుచుకునే ఆగింది, ఆగాల్సినంతసేపు. నేను జనం మొహాలే చూస్తున్నాను. ఒక్క క్షణంలో అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. "అబ్బ!" అన్నారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కాదు, హాలంతా. "అబ్బ! అబ్బ!" వెనక వరసల్లో లేచి నిలబడి మరీ. పిల్లలు చెవులు మూసుకుని తల్లుల ఒళ్ళో దూరారు, పక్షి నిజంగా మాట్లాడుతోందని జడుసుకుని. గళ్ళ చొక్కా లేచాడు! లేచి నా వైపు పరిగెత్తుకొచ్చాడు. వాడి నోటి వెంట కూడా అదే మాట.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఒకటిన్నర నిమిషం కూడా కాలేదు. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి, వేరే లైను అనుకుంటాను. ఏ పనీ చేతకాని సంత. ఆ తర్వాత నృత్యాలు పెట్టేశారు. మళ్ళీ నడపనివ్వలేదు. అయినా ఏం, చూడాల్సింది చూశారు.

వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడటానికేముంది. మా ఆవిడ దారంతా చిలక పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మే 12, సోమవారం

గళ్ళ చొక్కా ఫోన్లో రాసి పంపాడు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"సార్, ముక్కులు నిజంగా మాట్లాడుతున్నట్టే ఉన్నాయి. మీ పనితనానికి దణ్ణం. కానీ ఆ కీచుమనే అరుపుకి పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్ళు కూర్చోలేకపోయారు. క్షమించాలి. హాల్లో తెర పని ఈ వారమే మొదలుపెడుతున్నాం."

కీచు! ఎక్కడిది కీచు? అసూయ. హాలంతా "అబ్బ" అంటే వీడికి కీచు వినబడింది. తెర కాంట్రాక్టరు ఎవడో వీడి దగ్గరివాడై ఉంటాడు. నా దగ్గర సాక్ష్యం ఉంది. సంఘాన్ని పిలిచి వీడియో పంపమన్నాను. వాడు తటపటాయించాడు. "ఎందుకులెండి బావగారూ" అన్నాడు. ఈసారి మీసం కత్తిరించుకుని వచ్చాడు, అందుకే తెలిసింది. పంపకపోతే పైకొచ్చి ఫోను లాక్కుంటానన్నాను. పంపాడు.

మే 13, మంగళవారం

వీడియో చూశాను.

మే 13, మళ్ళీ

నా ఫోను సరిగా మాట్లాడదు కాబట్టి నోళ్ళే చూశాను. జనం నోళ్ళు తెరుచుకున్నాయి. పెదాలు మూతబడి విడిపోయాయి. 'బ' కావచ్చు, 'ప' కావచ్చు, పెదాల మీద రెండూ ఒకటే. అదంతా సరే. చివర?

"అబ్బ" అంటే చివర నోరు తెరుచుకుని ఆగాలి. ఎవరి నోరూ తెరుచుకుని ఆగలేదు. వెనక్కి తిప్పి చూశాను. ఏడుసార్లు. లావుపాటి ఆయన, ఎర్ర చీరావిడ, గళ్ళ చొక్కా. అందరి మూతులూ సున్నా చుట్టాయి.

చివర 'ఉ'.

ఆపు. ఆపు. ఆపు.

పరిగెత్తుకొచ్చిన గళ్ళ చొక్కా నా దగ్గరికి రాలేదు. నా వెనక గోడకున్న ప్లగ్గు దగ్గరికి వెళ్ళాడు.

అందరి చేతులూ చెవుల మీద ఉన్నాయి. అమ్మాయివి కూడా. మా ఆవిడ చేతులు మాత్రం ఒళ్ళోనే ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని. ఆవిడ పెదాలు ఆడుతున్నాయి. అది "ఆపు" కాదు. అది కూడా వెనక్కి తిప్పి చూశాను. "రండి రండి, మా సభకి రండి. కూర్చోండి, అలిసిపోయారు." చిలకతో పాటు చెబుతోంది. ఆవిడ నోరూ చిలక ముక్కూ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా ఆడుతున్నాయి.

మే 14, బుధవారం

ఒక్క వీడియోని నమ్మటానికి నేనేం గళ్ళ చొక్కాని కాదు. పరీక్ష చేశాను.

మేస్త్రీ రెండో సూత్రం ఒకటుంది, చాలా ఏళ్ళుగా అవసరం పడలేదు. లోపల ఏ బుష్షు బాధపడుతోందో తెలియకపోతే స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి పిడిని పళ్ళతో కరుచుకోవాలి. చెవి అబద్ధం చెప్పినా దవడ చెప్పదు అనేవాడు. అప్పుడు నవ్వాను. ముసలాడికి చాదస్తం అనుకున్నాను.

చిలకని నడిపించి, మొన ఇత్తడి బుష్షు మీద పెట్టి, కరిచాను.

పళ్ళు జివ్వుమన్నాయి. దవడ, తల వెనక ఎముక, మెడ దాకా. అది మామూలు రాపిడి కాదు, ఎండు ఇత్తడి మీద ఎండు ఇనుము, ఉలితో పలక గీసినట్టు. గుడ్లగూబ కూడా. గోరింక కూడా. నలభై రోజులుగా ఇదే నా ముందు గదిలో. స్క్రూడ్రైవరు తీసేశాను. చిలక ముక్కు అందంగా ఆడుతోంది. అలికిడి లేదు.

ఇరవై ఆరేళ్ళు ప్రతి యంత్రం మూలుగూ కనిపెట్టిన పెద్దమనిషి. పనిమంతుడు. ముగ్గురు మేనేజర్లని, ఒక బావమరిదిని, కన్నకూతుర్ని, పిల్లిని కూడా తప్పుపట్టిన మహానుభావుడు. పాత మేనేజర్లు నలుగురు కదా, లెక్క కూడా తప్పాను. నాకంటే వెధవని ఈ పుస్తకంలో వెతికాను. దొరకలేదు.

వెళ్ళి కుట్టుమిషను దగ్గర చూశాను. నూనె డబ్బా అక్కడ లేదు. నా బల్ల మీదే ఉంది, చిలక పక్కన. ఈ రోజు కూడా పెట్టింది. అన్నీ అయిపోయాక కూడా పెట్టింది.

ఆవిడని పిలిచాను. ఎంత గట్టిగా పిలిచానో తెలియదు. వచ్చి, అలవాటుగా ఎదురుగా నిలబడి, లైటు వేసింది. బుష్షు మీద ఒక చుక్క వేశాను. మీట నొక్కాను.

"ఇప్పుడు?"

కుడి చెవిలో దూది తీసింది. చిలక మీదికి వంగింది. చాలాసేపు వింది, రవిక చంక దగ్గర కుట్టు చూసినట్టు ఒళ్ళంతా దానిమీదే పెట్టి.

"ఇంకొక్క చుక్క" అంది.

వేశాను.

"మళ్ళీ?"

"ఆ వెనక వైపు."

వేశాను. ఎడమ చెవిలో దూది కూడా తీసింది. తల ఊపింది. నేను అడిగాను, ఎన్నాళ్ళయింది ఇలా అని. పక్షి గురించి కాదు. ఆవిడకి తెలిసింది.

"మూడేళ్ళు" అంది. చెక్కి చెక్కి, ఎప్పటిలాగే. "వెనకనించి పిలిస్తే పలకటం మానేసి మూడేళ్ళు. నామీద కోపమేమో అనుకున్నా మొదట్లో."

మే 15, గురువారం

నూనె ప్యాకెట్లు మూడూ సంఘానికి ఇచ్చేశాను. "ఏంటి విశేషం బావగారూ?" అన్నాడు. వాడికి చెప్పలేదు. వాడు నా బావమరిది కానీ, నాకు గురువు కాదు.

మే 20, మంగళవారం

చెవుల డాక్టరు దగ్గరికి అమ్మాయి తీసుకెళ్ళింది. పెద్ద తెలివైనవాడేం కాదు. ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, తలకి ఏవో తగిలించి, శబ్దం వినబడగానే బొత్తాం నొక్కమన్నాడు. కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టడు. మర్చిపోయాడనుకుని అద్దంలోంచి సైగ చేశాను, మొదలుపెట్టవయ్యా బాబూ అని. అమ్మాయి అటు తిరిగి నిలబడింది. పరీక్ష అప్పటికే అయిపోయిందట.

సన్న శబ్దాలు దాదాపు పోయాయి, లావు శబ్దాలు కొంత మిగిలాయి అన్నాడు. కంప్రెసరు పక్కన ఇన్నేళ్ళు ఏమీ పెట్టుకోకుండా పనిచేశారా అని అడిగాడు. చెవులు మూసుకుంటే యంత్రం మూలుగు ఎలా తెలుస్తుంది అన్నాను. కాగితం మీద రాసుకున్నాడు. చెవిలో పెట్టే మిషను ఇస్తాడట, దానితో కొంత వస్తుందట. కొంత.

ఏప్రిల్ 2న ఇందులో ఒక సామెత రాశాను. శంఖం సామెత. కొట్టేద్దామని పేజీ తీశాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

మే 22, గురువారం

పార్కు ముందునుంచి బస్సులో వెళ్ళాను. హాలుకి తెర కట్టేశారు. గేటు మీద చిలక బొమ్మ వేశారు, ముక్కు మూసుకుని. ఆ మాత్రం కూడా చేతకాదు వాళ్ళకి.

మే 24, శనివారం

చిలకని వీధి గుమ్మం పక్కన పెట్టాను. తలుపు తెరిస్తే "రండి రండి" అంటుంది, మా ఆవిడ గొంతుతో. స్పీకరు మీట ఎంత వరకు తిప్పాలో ఆవిడే తిప్పింది. ఆవిడ గొంతు ఇప్పటికీ గంట కొట్టినట్టే ఉందని అమ్మాయి చెప్పింది. నేను ముక్కు చూసి సరిపెట్టుకున్నాను. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. టీచరమ్మ గడప దాకా వచ్చి చూసి వెళ్ళింది. పిల్లి ఇంకా రాలేదు, దానికి పంతం ఎక్కువ.

ఈ రోజంతా మా ఆవిడ చెవుల్లో దూది లేదు. చలి తగ్గినట్టుంది.